నాగవెల్లి బిడ్డ

"బొమ్మ ఇంకా నీ కాడనే ఉన్నదా?"

పెళ్ళైన కొత్తలో అత్తగారి ఊరికి ఎప్పుడు వెళ్ళినా నన్ను ఈ ప్రశ్న అడగని ఆడమనిషి లేదు. బీర్కూర్ బస్సు దిగి ఇంటికి నడిచేలోపే ఇద్దరు ముగ్గురు అడిగేవారు. కొత్తవాళ్ళు వింటే ఏదో బొమ్మ గురించి అడుగుతున్నారనే అనుకుంటారు. వాళ్ళు అడిగేది నా కడుపు గురించి. ఉందని చెబితే "అట్లనా" అని, చీర కుచ్చిళ్ళ దగ్గర ఒకసారి చూసి పోయేవారు. నాకు అసలే ముక్కు మీద కోపం. ఉందని చెప్పి, మీ కోడలు బాగుందా అని తిరిగి అడిగేదాన్ని. ఆ ఇంట్లో అత్తాకోడళ్ళకు మాటల్లేవని నాకు తెలుసు.

మా వైపు పెళ్ళిళ్ళలో నాగవెల్లి నాడు కొత్త జంట చేత ఒక ఆట ఆడిస్తారు. పందిట్లో చీరతో ఉయ్యాల కట్టి, అందులో ఒక బొమ్మను పడుకోబెడతారు. ఇద్దరూ చెరోవైపు నిలబడి ఊపాలి, దానికి పేరు పెట్టాలి. తర్వాత పెళ్ళికూతురు బొమ్మను పెళ్ళికొడుకు చేతిలో పెట్టి, పిల్లను పట్టుకో, నాకు వంట పని ఉందంటుంది. నాకు పొలం కాడ నీళ్ళు కట్టేది ఉంది, నువ్వే పట్టుకో అని ఆయన మళ్ళీ ఆమె ఒళ్ళో పెడతాడు. పందిరంతా నవ్వుతుంది. చాలా ఇళ్ళల్లో ఆ బొమ్మ సంగతి ఆ పూటతో సరి. గాజుల దుకాణంలో దొరికే ప్లాస్టిక్ బొమ్మ తెస్తారు, అదీ లేకపోతే పప్పుగుత్తికి రవికె గుడ్డ చుట్టి పడుకోబెడతారు. మరునాడు అది మళ్ళీ పప్పులోకి పోతుంది.

మా అత్తగారింట్లో అట్లా కాదు. వాళ్ళకు తరతరాల బొమ్మ ఒకటి ఉంది. మా అత్త వాళ్ళ అత్త కాలంలో ఊరి వడ్లాయన వేపకట్టెతో చెక్కి ఇచ్చాడట. జానెడున్నర పొడవు. చేతులు ఒంటికి అతుక్కుని ఉంటాయి, కాళ్ళు రెండూ ఒకటే కట్టె. ఎన్నో ఒళ్ళు మారి ముక్కు అరిగిపోయింది. ఎడమ చెవి కింద సన్నని చీలిక. కళ్ళు చెక్కలేదు. ఏ పెళ్ళికి ఆ పెళ్ళికూతురే కాటుకతో కళ్ళు పెట్టాలి. నాగవెల్లి అయ్యాక బొమ్మ కొత్త జంట వెంట వెళ్తుంది. వాళ్ళకు మొదటి బిడ్డ పుట్టేదాకా వాళ్ళింట్లోనే ఉంటుంది. తొట్టెల నాడు ముందు బొమ్మను తొట్టెలో వేసి ఊపి, దాన్ని తీసి, ఆ వెచ్చటి చోట బిడ్డను పడుకోబెడతారు. అప్పుడు బొమ్మ తిరిగి అత్త సందుగలోకి చేరుతుంది, వచ్చే పెళ్ళి కోసం. అందుకే ఊరి ఆడవాళ్ళకు నన్ను నేరుగా అడగాల్సిన అవసరం రాలేదు.

నా పెళ్ళిలో పేరు అడిగినప్పుడు నేను సిగ్గుపడాలి. పక్కనున్న వదినలు గిచ్చి, నవ్వించి, బతిమాలి నా నోటి నుంచి ఒక పేరు రప్పించాలి. నేను ఠక్కున చెప్పేశాను. చిన్నప్పటి నుంచి నా బిడ్డకు పెట్టుకోవాలని దాచుకున్న పేరు. ఆ పేరు ఇక్కడ రాయను, నాతోనే ఉండనీ. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని మా పెద్ద ఆడబిడ్డ అందుకుంది. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

పెళ్ళయ్యాక మేం బాన్సువాడలో కాపురం పెట్టాం. ఆయన కోత మిషన్ డ్రైవరు. వరి కోతలొస్తే బిచ్కుంద, బీర్కూర్, నిజాంసాగర్ కాలువ కింద ఏ ఊళ్ళో పని ఉంటే ఆ ఊళ్ళో ఉంటాడు. కోతలు లేనప్పుడు ట్రాక్టరు. నేను బస్టాండు వెనక సందులో కిరాయి ఇంట్లో మిషన్ పెట్టుకుని రవికెలు కుడతాను. బొమ్మను చూసిన మొదటి రోజే ప్రేమ పుట్టిందంటే అబద్ధం. ఫ్యాను గాలికి కత్తిరించిన ముక్కలు ఎగిరిపోకుండా వాటి మీద దాన్ని బోర్లా పడుకోబెట్టేదాన్ని. బరువుగా ఉండేది, ఆ పనికి బాగా పనికొచ్చేది.

ఒకరోజు రవికె కొలతలివ్వడానికి వచ్చినామె వెంట నాలుగేళ్ళ పాప వచ్చింది. బల్ల మీద బొమ్మను చూసి దాని పేరేందని అడిగింది. నేను చెప్పాను. నాగవెల్లి తర్వాత ఆ పేరు పైకి అనడం అదే మొదటిసారి. పాప బొమ్మను వెల్లకిలా తిప్పి, ఆ పేరుతో పిలిచి, అన్నం తిన్నవా అని అడిగింది. వాళ్ళు వెళ్ళిపోయాక నేను గుడ్డ ముక్కలు సర్దుకుంటూ మళ్ళీ బొమ్మను బోర్లా పెట్టబోయాను. చేతులు రాలేదు. కత్తెరను బరువు పెట్టుకుని, దాన్ని గోడకు ఆనించి కూర్చోబెట్టాను.

తర్వాత మిగిలిన ముక్కతో లంగా కుట్టాను. లంగా కుట్టాక జాకెట్టు కుట్టకుండా ఎట్లా ఉంటాను, కుట్టుపని చేసేదాన్ని. పట్టు రవికెలు వచ్చినప్పుడు అంచు ముక్కలు దాచేదాన్ని. చలికాలం ఉన్నితో టోపీ అల్లాను. కరెంటు పోతే నాకు విసురుకుంటూ దానికీ విసిరేదాన్ని. తినేటప్పుడు నా కంచం పక్కన కూర్చోబెట్టుకునేదాన్ని. రవికెలకు వచ్చినవాళ్ళు కొందరు ముద్దుగా చూసేవారు, కొందరు జాలిగా చూసేవారు. కాకి పిల్ల కాకికి ముద్దు. జాలిగా చూసినవాళ్ళను మాత్రం రెండుసార్లు తిప్పి పంపేదాన్ని, రవికె ఇంకా కాలేదని.

ఆయన మొదట్లో ఎగతాళి చేశాడు. కట్టెకు లంగా ఏందని, రేపు బడికి కూడా పంపుతవా అని. కోతలు మొదలైన ఒక పొద్దున నేను వంటింట్లో సద్ది కడుతుంటే ముందు గదిలో ఆయన గొంతు వినిపించింది.

"పోయొస్త బిడ్డా."

ఫోన్లో ఎవరితోనో అనుకున్నాను. తొంగి చూస్తే, ఆయన చెప్పులేసుకుని గడపలో నిలబడి బొమ్మ వైపు చూస్తున్నాడు. నేను చూశానని ఆయనకు తెలియదు. నా నోట్లోంచి సన్నని గొంతు ఒకటి వచ్చింది.

"జల్ది రా బాపూ."

ఆయన వెనక్కి తిరగలేదు. నవ్వినట్టున్నాడు, భుజాలు కదిలాయి. ఆ రోజు నుంచి అది మా ఇంటి అలవాటైంది. ఆయన బిడ్డకు చెప్పి బయలుదేరేవాడు, బిడ్డ జవాబు చెప్పేది. గొంతు నాదేనని ఇద్దరికీ తెలుసు. కానీ నేను ఆలోచించి అనేదాన్ని కాదు, ఇది నిజం. ఒక్కోసారి నాకు తెలియని మాటలు కూడా వచ్చేవి. బాపూ, వచ్చేటప్పుడు చెరుకుగడ తే అనేది. బాపూ, నిన్న దుమ్ము బాగ తిన్నవ్, మూతికి గుడ్డ కట్టుకో అనేది. సాయంత్రం ఆయన నిజంగానే చెరుకుగడ తెచ్చేవాడు. దాన్ని నేనే తినేదాన్ని, ఆయన ఎప్పుడూ దాని మాట ఎత్తలేదు.

మేం దవాఖానలు తిరగలేదని కాదు. నిజామాబాద్ తిరిగాం, హైదరాబాద్ తిరిగాం. సూదులు, స్కానింగులు, ఉపవాసాలు, మొక్కులు, అన్నీ అయ్యాయి. ఇద్దరిలో ఎవరికీ ఏ లోపమూ లేదన్నారు. లోపమంటూ ఉంటే దానికి మందుండేది. హైదరాబాద్ వెళ్ళిన రోజుల్లో బొమ్మను కిటికీలో రోడ్డు వైపు తిప్పి పెట్టేవాళ్ళం, మేం వచ్చేది కనబడాలని. ఒకసారి బిచ్కుందలో చుట్టాల లగ్గానికి సంచిలో పెట్టి తీసుకుపోయాను. మా ఆడబిడ్డ చూసి, పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకొచ్చినవా అంది. నేను భోజనాల దగ్గర ఆమెకు దూరంగా వేరే బంతిలో కూర్చున్నాను.

అట్లా ఏళ్ళు గడిచాక మా మరిదికి సంబంధం కుదిరింది. ఇంట్లో ఆఖరి పెళ్ళి అదే. లగ్గం దగ్గర పడుతుండగా మా అత్త బస్సెక్కి బాన్సువాడ వచ్చింది. ఎందుకొచ్చిందో నాకూ ఆయనకూ తెలుసు. ఆయన అంతకుముందే ఒక ఉపాయం చేసి పెట్టాడు. ఊళ్ళో ఫర్నిచర్ దుకాణం వాళ్ళతో చెప్పి, టేకు కట్టెతో కొత్త బొమ్మను మిషన్ మీద తిప్పించాడు. నున్నగా, పాలిష్ వేసి, మెరుస్తూ ఉంది. అత్త దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"మంచం కోడు లెక్కున్నది" అని పక్కన పెట్టేసింది.

నాకూ నవ్వొచ్చింది, ఆ మాట నిజమే కాబట్టి. ఆయన ముఖం మాడ్చుకుని బయటికి పోయాడు. అత్త చాయ్ తాగి, చాప మీద నా పక్కన కూర్చుని, నా మిషన్ పక్కనున్న బొమ్మ వైపు చాలాసేపు చూసింది. అప్పుడు దానికి చిలకపచ్చ లంగా, గులాబీ రంగు జాకెట్టు. మా అత్త చెడ్డమనిషి కాదు. చెడ్డదైతే నా పని తేలికయ్యేది, రెండు మాటలని పంపించేదాన్ని. ఆమె నా చెయ్యి పట్టుకుని నెమ్మదిగా మాట్లాడింది.

"నిన్ను అననీకి రాలేదు బిడ్డా. నువ్వు దీన్ని బిడ్డను చేసుకున్నవ్. ఇంట్ల ఒక బిడ్డ కూసున్నంక ఇంకో బిడ్డ ఏం చూసి వస్తది? జాగ ఖాళీ చెయ్యి. అప్పుడొస్తది."

నాకు ఒళ్ళు మండింది. మీ ఇంటి ఆనవాయితీయే కదా దాన్ని నా ఒళ్ళో పెట్టింది అందామనుకున్నాను. కానీ ఆమె ఆ మాట నమ్మి చెప్పింది, అది తెలుస్తూనే ఉంది. నేను ఇంటర్ దాకా చదువుకున్నదాన్ని, దవాఖానల్లో రిపోర్టులన్నీ నేనే చదువుకునేదాన్ని. అయినా ఆ మాట నా చెవిలో పడ్డాక బయటికి పోలేదు. అత్త మా ఇంట్లో ఉన్న ఆ కొద్దిరోజులూ రవికె కుడుతుంటే అదే, బియ్యం కడుగుతుంటే అదే. జాగ ఖాళీ చెయ్యి, అప్పుడొస్తది. డాక్టర్లు ఎవరూ అంత ధీమాగా చెప్పలేదు మరి.

చివరికి నేనే ఇస్తానన్నాను. ఆయన నా ముఖంలోకి చూశాడు. నీ ఇష్టం అన్నాడు. నేను ఇచ్చింది కట్టె బొమ్మను కాదు. నా బిడ్డను ఇచ్చి బిడ్డను అడిగాను. ఎవరిని అడిగానో తెలియదు, దేవుణ్ణో, అత్తనో, ఆ వడ్లాయన చేతినో. అది మంచి బేరమని ఆ రోజు నిజంగా నమ్మాను. ఇచ్చే పొద్దున దానికి నూనె రాసి, తడిగుడ్డతో తుడిచి, ఉన్నవాటిలో మంచి లంగా వేశాను. మిగతా బట్టలన్నీ మడిచి చిన్న సంచిలో సర్దాను, టోపీతో సహా. సంచి అత్త చేతికివ్వబోతూ ఆగిపోయాను. పెళ్ళింట్లో ఎవరైనా తెరిచి చూస్తే నవ్వుతారనిపించి మళ్ళీ బీరువాలో పెట్టాను. ఆ పొద్దున ఆయన మామూలు కంటే ముందే వెళ్ళిపోయాడు. ఆ రోజు గడపలో నిలబడి ఎవరికీ ఏమీ చెప్పలేదు.

లగ్గం బాన్సువాడలోనే, ఫంక్షన్ హాల్లో. నాగవెల్లి ఆట కూడా అక్కడే స్టేజీ మీద పెట్టారు. పూలతో అలంకరించిన ఉయ్యాల, నాలుగు వైపులా లైట్లు. పెళ్ళికూతురు మంచి పిల్ల, ఆఫీసులో పనిచేస్తుంది, నెమ్మదస్తురాలు. కాటుకతో కళ్ళు పెట్టమంటే పెట్టింది. వీడియోలో కనబడటం లేదని ఫొటోగ్రాఫరు అన్నాడు. ఎవరో నల్ల మార్కర్ పెన్ను తెచ్చిచ్చారు. ఆ పిల్ల దాంతో రెండు పెద్ద కళ్ళు గీసింది, వెంట్రుకలతో సహా. పేరు అడిగితే తలవంచుకుని, వదినలు గిచ్చాక, కొత్తరకం పేరేదో చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు.

దానికి పేరుంది అని నా నోటి దాకా వచ్చింది. నేను అక్షింతల పళ్ళెం పట్టుకుని వెనక నిలబడి ఉన్నాను. ఆయన నా పక్కనే ఉన్నాడు. మరిది బొమ్మను పెళ్ళికూతురు ఒళ్ళో పెట్టి, నాకు డ్యూటీ ఉంది, నువ్వే చూసుకో అన్నప్పుడు హాలంతా నవ్వింది. ఆయన హాలు బయటికి పోయి, భోజనాల దాకా లోపలికి రాలేదు.

ఇగ నేను ఎదురుచూడటం మొదలుపెట్టాను. ఇంట్లో మిషన్ పక్కన ఆ జాగ ఖాళీగా ఉంచాను. డబ్బా కూడా పెట్టలేదు, దారం కండె కూడా పెట్టలేదు. నెల నెలా లెక్క తప్పుతుందేమోనని చూసేదాన్ని. తప్పేది కాదు. పొద్దున ఆయన చెప్పులేసుకుని గడపలో ఒక్క క్షణం ఆగేవాడు, అలవాటు. తర్వాత వెళ్ళేవాడు. నేను వంటింట్లో గిన్నెల చప్పుడు కొంచెం ఎక్కువ చేసేదాన్ని.

మళ్ళీ బతుకమ్మ రాకముందే మా తోడికోడలు నీళ్ళు పోసుకుంది. ఊళ్ళో ఆడవాళ్ళు నన్ను బొమ్మ గురించి అడగడం మానేశారు. ఆ ప్రశ్న అంటే అంత కోపం వచ్చేదా నాకు, అది ఆగిపోయాక ఎవరైనా ఒక్కసారి అడిగితే బాగుండనిపించింది. అడిగేంత ఆశ కూడా వాళ్ళకు నా మీద లేదని అర్థమైంది. ఆడపిల్ల పుట్టింది. తొట్టెల నాడు మేం కూడా పోయాం. నా చేతులతో పట్టు గౌను కుట్టి తీసుకుపోయాను, పాపకు.

తొట్టెలో ముందు బొమ్మను వేశారు. అప్పటికి మార్కర్ కళ్ళల్లో ఒకటి సగం చెరిగిపోయింది. ముత్తయిదువలు పాట పాడి ఊపారు. తర్వాత బొమ్మను తీసి పక్కనున్న చేటలో పెట్టి, పాపను పడుకోబెట్టారు. అందరూ పాప చుట్టూ చేరారు. చేట చుట్టూ ఎవరూ లేరు. నేను వంగి దాన్ని ఎత్తుకున్నాను. బరువు అదే. ఎత్తుకోగానే నా చంకలో ఎప్పటి చోటే కూర్చుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇస్తే తీసుకుపోతానని అత్తను అడిగాను. పెళ్ళిళ్ళు అయిపోయాయి కదా, ఇగ ఎవరికీ అవసరం లేదు కదా అన్నాను.

"నీ మంచికే చెప్తున్న బిడ్డా. ఇంకొన్ని దినాలు ఓపిక పట్టు" అని అత్త నా చంకలోంచి దాన్ని మెల్లగా తీసుకుంది.

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తిననివ్వదు అంటారు. ఆ రోజు బస్సులో ఈ మాట ఎన్నిసార్లు అనుకున్నానో. అత్త గురించి కాదు. ఎవరి గురించో నాకే తెలియదు. ఆయన కిటికీ పక్కన కూర్చుని కోతలు కాని పొలాల వైపు చూస్తూ వచ్చాడు.

బొమ్మ సందుగలో ఉండలేదు. పాప పాకడం నేర్చాక ఒకరోజు సందుగ తెరిచి ఉంటే దాన్ని చూసి చేతులు చాచిందట, ఇవ్వకపోతే గుక్కపట్టి ఏడ్చిందట. ఇచ్చేశారు. మేం ఊరికి పోయినప్పుడల్లా పాప చేతిలో అదే ఉండేది. పళ్ళొచ్చేటప్పుడు దాని తల కొరికింది. నడక వచ్చాక కాళ్ళు పట్టుకుని ఈడ్చుకుంటూ తిరిగింది. మట్టి అన్నం పెట్టింది, గోళెంలో ముంచి తానం పోసింది, తలకు కొబ్బరినూనె డబ్బా మొత్తం ఒంపింది. పాపకు దాని పేరు కూడా అవసరం లేదు, పాప అనే పిలిచేది. నాకు ఏడుపు రాలేదు. నాకు అసూయ కూడా కలగలేదు. దానికి తానం చేయిస్తున్నారు, అన్నం పెడుతున్నారు, అది ఎవరికో బిడ్డగా బతికే ఉంది అనుకున్నాను. నా బిడ్డను దత్తత ఇచ్చినట్టు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అట్లా సర్దిచెప్పుకోవడం నాకు బాగానే వచ్చింది.

ఆ ఎండాకాలమే హైదరాబాద్ డాక్టరమ్మ నా ఫైలు మూసి, ఇంక తిరగొద్దమ్మా, మీ శరీరం అలసిపోయింది అంది. మర్యాదగానే చెప్పింది. మేం మెట్లు దిగి, హోటల్లో ఇడ్లీ తిని, బస్సెక్కాం. ఇంటికొచ్చాక మిషన్ పక్కన ఖాళీ జాగలో దారాల డబ్బా పెట్టాను. ఎన్నాళ్ళని చెయ్యి చాచి దూరం నుంచి దారం అందుకుంటాను.

పాపకు వాళ్ళ మేనమామ బ్యాటరీ బొమ్మ కొనిచ్చాడు. నొక్కితే పాట పాడుతుంది, కళ్ళు మూసి తెరుస్తుంది. పాప తప్పు ఏముంది, దానికి ఉన్నది రెండు చేతులే. తర్వాత ఊరికి పోయినప్పుడు కట్టె బొమ్మ కనబడలేదు. ఎక్కడుందని అడగలేదు. పశువుల కొట్టంలో గడ్డి పక్కన పడి ఉండటం నేనే చూశాను, ఒంటి మీద బట్టల్లేకుండా, మెడ దాకా పేడ అంటుకుని. తీయడానికి అడుగు వేశాను. అంతలో అత్త పిలిస్తే అటు పోయాను. ఆ రోజు తిరిగి వెళ్ళేటప్పుడు కూడా కొట్టం వైపు చూడకుండా వెళ్ళాను.

మొన్న వానాకాలం చివర్లో మా తోడికోడలు ఏదో పని మీద బాన్సువాడ వచ్చింది. రవికె ఒకటి ఇచ్చి, చాయ్ తాగి, లేవబోతూ క్యారీబ్యాగులోంచి బొమ్మను తీసి నా బల్ల మీద పెట్టింది.

"అక్కా, మీ బొమ్మ. అత్తమ్మ ఇయ్యమన్నది. ఇగ దీంతోని ఎవ్వలికి పనిలేదు కదా."

కడిగి తెచ్చింది పాపం. ఆమె ప్రేమగానే తెచ్చింది. నేను కూడా సంతోషంగా తీసుకున్నట్టే తీసుకున్నాను. ఆమె వెళ్ళిపోయాక తలుపు దగ్గరికి వేసి, బొమ్మను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కళ్ళు పూర్తిగా పోయాయి. తల మీద పంటి గాట్లు. చెవి కింద చీలిక పెద్దదై మెడ దాకా వచ్చింది. పేరు పెట్టి పిలిచాను. ఇంకోసారి పిలిచాను. బీరువాలోంచి సంచి తీసి, చిలకపచ్చ లంగా వేశాను. కంచం పక్కన కూర్చోబెట్టుకుని అన్నం తిన్నాను.

అది రాలేదు. ఇంతకంటే సరిగ్గా చెప్పడం నాకు రాదు. నా ఒళ్ళో ఉన్నది వేపకట్టె. లంగా వేసిన వేపకట్టె. బొమ్మ వస్తే బిడ్డ వస్తుందని ఇన్నేళ్ళూ ఎక్కడో అనుకుంటూనే ఉన్నానని అప్పుడు తెలిసింది. నా బిడ్డ ఎక్కడ పోయింది, ఆ ఫంక్షన్ హాల్లోనా, తొట్టెలలోనా, కొట్టం వైపు చూడకుండా వచ్చిన రోజునా, నాకు తెలియదు. ఎక్కడ పోయినా నేను దగ్గర లేను. అప్పుడు ఏడ్చాను. దానికోసం అంతగా ఏడవడం అదే మొదలు. ఏడ్చాక ముఖం కడుక్కుని, కట్టెను దారాల డబ్బా పక్కన పెట్టి, తోడికోడలి రవికె కత్తిరించడం మొదలుపెట్టాను. ఫ్యాను గాలికి ముక్క ఎగిరింది. బొమ్మను తీసి దాని మీద బోర్లా పెట్టాను.

పొద్దుగూకే వేళకు ఆయన వచ్చాడు. కాళ్ళు కడుక్కుని, తువ్వాలతో తుడుచుకుంటూ లోపలికి వచ్చి ఆగిపోయాడు. తువ్వాల కింద పడింది. బొమ్మను రెండు చేతులతో తీసి, వెల్లకిలా తిప్పి, దీపం వెలుగుకు పెట్టి చూశాడు.

"బాగ చిక్కిపోయినట్టున్నది" అన్నాడు. "ఊర్ల సరిగ చూసుకున్నట్టు లేదు."

నేను కత్తెర ఆపి ఆయన వైపు చూశాను. ఎగతాళి కాదు. నలభై దాటిన మనిషి, మీసం నెరిసింది, దవాఖానలో డాక్టరమ్మ ఫైలు మూసినప్పుడు ఒక్క మాట కూడా అనని మనిషి. బొటనవేలితో దాని తల మీద పంటి గాట్లను నిమురుతున్నాడు. అది కట్టె అని చెప్దామనుకున్నాను. నేను పిలిచి చూశాను, రాలేదు అని చెప్దామనుకున్నాను. ఇన్నేళ్ళూ రోజూ పొద్దున ఆయన గడపలో ఆగింది అలవాటు కొద్దీ అనుకున్నాను నేను.

"కండ్లు పెట్టవా దీనికి?" అన్నాడు.

కాటుక డబ్బా తెచ్చి కళ్ళు పెట్టాను. రోజూ సూదిలో దారం ఎక్కించే చెయ్యి. రెండు కళ్ళూ సమానంగా వచ్చాయి. ఆయన దగ్గరికి తీసుకుని చూసి, ఇప్పుడు గుర్తుపట్టింది అన్నాడు. దారాల డబ్బా తీసి కింద పెట్టి, బొమ్మను దాని పాత జాగలో గోడకు ఆనించి కూర్చోబెట్టాడు. అన్నం తినేటప్పుడు దానికి మూడో కంచం ఆయనే తెచ్చి పెట్టాడు. రేపు దసరాకు దీనికి కొత్త లంగా కుట్టాలని కూడా చెప్పాడు. కుడతానన్నాను. మరునాడు టేపు తీసి నడుము కొలత తీసుకున్నాను.

ఇప్పుడు కోతలు నడుస్తున్నాయి. తెల్లారకముందే లేచి సద్ది కడతాను. ఆయన చెప్పులేసుకుని గడపలో నిలబడతాడు.

"పోయొస్త బిడ్డా" అంటాడు.

అని వెళ్ళిపోడు, ఆగుతాడు. ఇంతకుముందు ఆ మాటలు వాటంతట అవే వచ్చేవి. ఇప్పుడు రావు. ఏమనాలో వెతుక్కోవాలి, గొంతు సన్నగా చేసుకోవాలి, ఆయనకు తేడా తెలియకుండా చూసుకోవాలి. వంటింట్లో గోడ వైపు తిరిగి, సద్ది గిన్నె మూత గట్టిగా నొక్కుతూ చెబుతాను.

"జల్ది రా బాపూ."

అప్పుడు ఆయన పోతాడు.